మునసబు దొడ్లో పడిన గుడ్డు

అనగనగా ఒక ఊరు. ఊఁ కొడుతూ ఉండు, లేకపోతే ఆపేస్తాను. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ఒక తగువుకి ఏ తీర్పు పడిందో, మళ్ళీ అలాంటి తగువొస్తే అదే తీర్పు. గొప్పవాడికైనా అంతే, గోచీవాడికైనా అంతే.

తీర్పులు చెప్పేది మునసబు గవర్రాజు. ఆయన పక్కింట్లో అచ్చియ్యమ్మ ఉండేది. ఆవిడకి మొగుడు లేడు, పొలం లేదు, ఉన్నదల్లా ఒక్క కోడిపెట్ట. గుడ్లమ్ముకుని బతికేది.

ఒకరోజు ఆ పెట్ట కంచె దూరి గవర్రాజు దొడ్లో గుడ్డు పెట్టింది. ఈవిడ అడగబోతే, ఎవరి దొడ్లో పడితే వాళ్ళదేనని తీర్పు చెప్పేశాడు. తన తగువుకి తనే తీర్పరి, చూశావా చోద్యం! తిక్క పెట్ట, అలవాటు పడి రోజూ అక్కడే పెట్టేది. ఆయన ఆ గుడ్లు పొదగేసి పిల్లలు తీయించాడు. అచ్చియ్యమ్మ పస్తులుంది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత కుమ్మరి సత్తెయ్య గుమ్మడిపాదు గవర్రాజు గోడెక్కి అవతల కాయ కాసింది. మళ్ళీ అదే తీర్పు. కాయ కాస్తా మునసబుగారి పులుసులోకి పోయింది.

ఆ తర్వాత ఏమైందీ? గవర్రాజు చూడి ఆవు తాడు తెంపుకుని, అచ్చియ్యమ్మ దొడ్లోకి వచ్చి ఈనింది. బొల్లి మొహం పెయ్యదూడ. గవర్రాజు పరుగున వచ్చాడు. అచ్చియ్యమ్మ దూడకి అడ్డంగా నిలబడింది.

"ఎవరి దొడ్లో పడితే వాళ్ళదే కదండీ," అంది.

గుడ్డు వేరు, దూడ వేరు అన్నాడాయన. ఆవిడ కదల్లేదు. ఊరంతా మూగింది. అప్పుడు గవర్రాజు, సరే, కొత్త తీర్పు చెబుతానన్నాడు.

"చెప్పండి. ముందు పాతది తప్పని అనండి. ఒప్పయితే దూడ నాది. తప్పయితే గుడ్డుకీ తప్పే. మీకో న్యాయం, నాకో న్యాయం అంటే నేనొప్పుకోను."

గవర్రాజు పెద్దల వైపు చూశాడు. కట్టుబాటు కట్టుబాటేనన్నారు వాళ్ళు. అప్పుడు మూలుగుతూ ముక్కుతూ, పాత తీర్పు తప్పేననీ, పిల్ల ఎక్కడ పడ్డా తల్లి ఎవరిదో వాళ్ళదేననీ చెప్పాడు. అచ్చియ్యమ్మ ఆ మాట అందరి ముందూ రెండోసారి కూడా చెప్పించింది.

అప్పుడు పక్కకి తప్పుకుని, ఆవునీ దూడనీ ఆయన ఇంటికి తోలేసింది. ఆ తర్వాత గంప చంకన పెట్టుకుని, తిన్నగా గవర్రాజు దొడ్లోకి నడిచింది. అక్కడ తిరుగుతున్న కోళ్ళన్నీ ఆ తిక్క పెట్ట పిల్లలే. ఒక్కదాన్ని కూడా వదల్లేదు.

కథేమో కంచికి, కోళ్ళేమో గంపకి,
దూడేమో తల్లికి, నువ్వేమో పక్కకి!