ఒంటికాలి మెట్టు

ఆ కొండదేశంలో ఆరేళ్ళకొకసారి ప్రజలు తమ అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవారు. ఎన్నికైనవారు శిఖరం మీది రాతిపీఠం ఎదుట ప్రమాణం చేయాలి. అక్కడికి కాలినడకన గాని, గుర్రం మీద గాని వెళ్ళకూడదు. నలుగురు బోయీలు పల్లకిలో మోసుకుపోవాలి. మనుషుల భుజాల మీదుగా తప్ప ఆ పీఠానికి దారి లేదని ఎక్కినవారికి బ్రతికినన్నాళ్ళూ గుర్తుండాలన్నది ఆ ఆచారం పెట్టిన పెద్దల ఉద్దేశం.

దారిలో ఒక్కచోటే ప్రమాదం. శిఖరానికి కాస్త దిగువన ఒక పక్క నిలువు బండ, మరొక పక్క లోయ. నడుమ ఒక్క పాదం పట్టేంత మెట్టు. దానిని ఒంటికాలి మెట్టు అనేవారు. కర్రకు ముందు ఇద్దరూ వెనుక ఇద్దరూ, ఒకరి వెనుక ఒకరుగా, దాని మీద అడుగు వేసి దాటవలసిందే.

బోయీల నాయకుణ్ణి పెద్దబోయీ అనేవారు. ఇప్పటి పెద్దబోయీ తండ్రి ఆ మెట్టు దగ్గరే పోయాడు. ఆ ఎన్నికలో బక్కపలచని న్యాయాధికారి గెలుస్తాడని దేశమంతా చెప్పుకుంది. బోయీలు ఆయన బరువుకు సరిపడా రాళ్ళు పల్లకిలో పేర్చుకొని మూడేళ్ళు సాధన చేశారు. గెలిచినవాడు మాత్రం భారీ మనిషి. మెట్టు దగ్గర పల్లకి లోయవైపు ఒరిగింది. ముందున్న తండ్రి భుజం అడ్డుపెట్టి పల్లకిని నిలబెట్టాడు, తాను నిలవలేకపోయాడు. అప్పుడు ఇరవై ఏళ్ళ కొడుకు అదే పల్లకికి వెనుక కర్ర కింద ఉన్నాడు.

ఆ కొడుకే ఇప్పుడు పెద్దబోయీ. అతని వెనుక నడిచే ముగ్గురికీ ఇళ్ళలో ఎదురుచూసేవాళ్ళున్నారు. ఎన్ని రాళ్ళు పెట్టాలన్నది అతను చెప్పవలసిన మాట. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో అతనికి తెలుసు.

ఎన్నికకు ఇంకా నాలుగేళ్ళున్నాయి. అయినా ఊరు ఊరంతా అప్పుడే తరువాతి అధ్యక్షుడి గురించి మాట్లాడుతోంది. పల్లకి తెరల వెనుక ఎన్ని రాళ్ళున్నదీ ఎవరికీ కనబడదు గనుక, ఆ బరువు ఎవరిదో పోల్చడానికి జనం బోయీల అడుగుజాడలు చూసేవారు. పూటకూళ్ళావిడ రోజూ చీపురుపుల్లతో ఆ జాడల లోతు కొలిచి, వచ్చి తన అరుగు మీద భోజనానికి కూర్చున్నవాళ్ళకు చెప్పేది.

"ఏం పెద్దబోయీ, నిన్న నీ మడమ రెండు వేళ్ళు దిగింది. ధాన్యపు కొట్ల అధికారే గదా?"

"నిన్న వాన పడింది తల్లీ."

"వాన అందరికీ పడింది. నా మడమ దిగలేదే!"

"నువ్వు వంటింటి గుమ్మం దాటితే గదా దిగడానికి."

అరుగు మీదివాళ్ళు పొలమారేలా నవ్వారు. కాని సాయంత్రానికల్లా ఆ రెండు వేళ్ళ మాట దేశం నాలుగు చెరగులా పాకింది. జాడ లోతుగా ఉందని విన్ననాడు, పదవికి పేరు వినబడుతున్న మరొకావిడ, సన్నగా ఉండే బడుల పెద్ద, రెండు గరిటెల నెయ్యి ఎక్కువ వడ్డించుకొనేది. జాడ తేలికగా ఉందని విన్ననాడు లావాటి కొట్ల అధికారి పస్తు పడుకొనేవాడు. పోటీ చేస్తామని ఆ ఇద్దరిలో ఎవరూ నోరు విప్పి అనలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒకనాటి ఉదయం పెద్దబోయీ పల్లకి తెర తీసి చూస్తే, తాను పెట్టిన నలభై రాళ్ళు యాభైఒకటి అయ్యాయి. మరునాడు ముప్ఫైమూడే ఉన్నాయి. ఒకరి మనుషులు వేసిపోతున్నారు, మరొకరి మనుషులు తీసిపోతున్నారు. ఆ వారం సాధనలో మూడోవాడి మోకాలు మెట్టు మీద వణికింది. పెద్దబోయీ పల్లకి దింపించి, తిన్నగా అధ్యక్షురాలి ఇంటికి నడిచాడు.

ఆమె పెరట్లో చిక్కుడుపాదుకు తాళ్ళు కడుతోంది. వాకిట్లో మరెవరూ లేరు.

"ఈమధ్య ఇక్కడికి వచ్చేవాళ్ళందరూ నా తరువాత ఎవరని అడగడానికే వస్తున్నారు. నువ్వూ అందుకేనా?"

"కాదమ్మా. తమరినే మళ్ళీ నిలబడమని అడుగుదామని వచ్చాను."

"అంత బాగా పాలిస్తున్నానా?"

"అది నాకు తెలియదమ్మా. తమ బరువు తెలుసు."

ఆమె పడీపడీ నవ్వింది. అతను నవ్వకపోవడం చూసి ఆపేసింది. చేతిలోని తాడు కింద పెట్టింది.

"బరువు తప్పినందుకే మీ నాన్న పోయాడని అనుకుంటున్నావా?"

"మరి దేనికమ్మా? నేను వెనుక కర్ర కిందే ఉన్నాను. బరువంతా ఒక్కసారిగా లోయవైపు పోయింది."

"నీకు పల్లకి అడ్డం. నేను దిగువన వాలు మీద ఉన్నాను, జనంలో. పదహారేళ్ళ పిల్లను. పల్లకి బండ మలుపులో కనబడగానే మేమందరం జేజేలు కొట్టాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. పల్లకిలోని ఆయన తెర తొలగించి, మాకు చెయ్యి ఊపుదామని ఇటు వంగాడు."

పెద్దబోయీ తలపాగా విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"అక్కడ మెట్టు ఉందని మాకు తెలియదు. దిగువనుంచి అది కనబడదు. నువ్వు నన్ను మోసుకెళ్ళిన రోజున, ఆ మెట్టు మీద, నీ మెడ నరాలు చూసినప్పుడు నాకు తెలిసింది, ఆనాడు మేమేం చేశామో. రెండేళ్ళుగా నీకు చెప్పాలనుకుంటున్నాను. చెప్పలేకపోయాను."

అతను వంగి, ఆమె కింద పెట్టిన తాడు తీసుకొని, సగంలో ఆగిన ముడి తానే బిగించాడు. తీగ నిలబడింది.

"ఇప్పుడు ఏం చేయమంటారమ్మా?"

"రాళ్ళు తీసెయ్యి. రాయి వంగదు, భయపడదు. రాళ్ళతో నువ్వు నేర్చుకునేది ఏముంది? మనుషుల్ని ఎక్కించు. ఇంటికొకరిని."

"ఎవరిని?"

"ఎవరొస్తే వాళ్ళని."

మరునాడు అందరికంటే ముందు వచ్చింది పూటకూళ్ళావిడ. "నా బరువు బయట చెప్పావంటే నీకు ఈ ఊళ్ళో అన్నం పుట్టదు" అని ఎక్కి కూర్చుంది. దారి పొడవునా ఆమె నోరు మూతపడలేదు. మెట్టు దగ్గర మాత్రం మాట దానంతటదే ఆగిపోయింది. తెరల సందులోనుంచి ఆమెకు దేశమంతా ఒక్కసారిగా కనబడింది. మూడు నదులూ మూడు దారప్పోగులు. తన పూటకూళ్ళ ఇల్లు ఆవగింజంత. వెయ్యి పొయ్యిల పొగ ఒకే మబ్బులా లేచి వస్తోంది. కింద, తన కాళ్ళకు జానెడు దూరంలో, ఒక మనిషి మడమ రాతి అంచు మీద నిలిచి ఉంది. ఆమె ఊపిరి బిగబట్టింది.

ఆ సాయంత్రం అరుగు మీదివాళ్ళు చుట్టుముట్టారు. "అక్కా, ఏం తెలిసింది? ఎవరట?"

ఆమె అన్నం వడ్డిస్తూ, "ముందు తిను" అంది. చీపురుపుల్ల మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

అలా నాలుగేళ్ళు పల్లకి నడిచింది. నేతగాళ్ళు ఎక్కారు, గొర్రెలకాపరులు ఎక్కారు, ఏడ్చే బిడ్డను ఒళ్ళో పెట్టుకొని బాలింతలు ఎక్కారు. కొట్ల అధికారి ఎక్కాడు, బడుల పెద్ద ఎక్కింది; ఇద్దరూ తిరిగి వచ్చి ఆకలికి తగినంతే తిన్నారు. బరువు రోజుకొకలా మారేది. బోయీల భుజాలు అన్నింటినీ నేర్చుకున్నాయి. ఊహాగానాలు ఆగలేదు; మనుషులున్న చోట అవి ఆగవు. కాని ఫలానా ఆయన గెలుస్తాడని ఎవరైనా అంటే, పక్కనున్న కంచరగాడిదలవాడైనా సరే, "మెట్టు మీద కుదురుగా కూర్చోగలడంటావా?" అని అడిగేవాడు. కాసేపు అందరూ ఆలోచనలో పడేవారు.

ఎన్నిక జరిగింది. గెలిచినవారి పేరు చాటింపు వేశారు. ఆ పేరుతో ఈ కథకు పని లేదు.

ప్రమాణం రోజున దేశమంతా వాలు మీదికి వచ్చింది. బాకాలు మోగాయి, జేజేలు కొండల్లో మారుమోగాయి. పెద్దబోయీ ముందు కర్ర కింద తండ్రి నిలిచిన చోట నిలిచాడు. అతనికి అది ఆఖరి మోత. మెట్టు దగ్గరపడుతున్నకొద్దీ కింది కేకలు వీపు మీద వడగళ్ళలా పడుతున్నాయి.

పల్లకి బండ మలుపు తిరిగింది.

అరుపులు ఆగిపోయాయి.

ఎవరూ సైగ చేయలేదు. చాటింపు వేసి చెప్పలేదు. బాకా ఊదేవాడు బాకాను పెదవుల దగ్గరే నిలిపాడు. పూటకూళ్ళావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చంకలోని బిడ్డల నోళ్ళ మీద తల్లుల అరచేతులు మెత్తగా వాలాయి. వాలు పొడవునా వేలాది మంది ఒకే ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. దిగువనుంచి కనబడని ఆ మెట్టు ఎక్కడుందో వాళ్ళలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఎగిరే డేగ రెక్కల చప్పుడు పెద్దబోయీకి వినబడింది. వెనుక తెర కదలలేదు. భుజం మీది బరువు బాలింతదా, నేతగాడిదా, కొట్ల అధికారిదా అని అతను పోల్చి చూడబోయాడు. పోల్చలేకపోయాడు.

ఆ నిశ్శబ్దంలోకి అతను కాలు ఎత్తి పెట్టాడు. మెట్టు ఎప్పటిలాగే ఒక్క పాదమంతే ఉంది. కాని ఆ రోజు దాని మీద దేశమంతటికీ చోటు సరిపోయింది.