ఎడమకి లాగే కారు

పైడిరాజుకి ఒళ్ళు మండిపోతోంది. మండదా మరి! నిన్న సాయంత్రమే కారుకి చక్రాల వంకర తీసే వీల్ అలైన్‌మెంట్ చేయించి తెచ్చాడు. తెల్లారేసరికి మళ్ళీ పాత పాటే. స్టీరింగ్ మీద పట్టు కాస్త సడలిస్తే చాలు, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు బండి ఎడమ పక్కకి పోతోంది. ఒకసారంటే సరే అనుకోవచ్చు, ఇది రెండోసారి.

బొబ్బిలి దాటాక మామిడితోటల మధ్య ఓ చిన్న ఆశ్రమం ఉంది. అక్కడి గురువుగారిని అందరూ అయ్యగారనే పిలుస్తారు. పెద్ద వయసు, మోకాళ్ళ నొప్పులు. అయినా రోజూ పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పి వస్తారు. ఆయన కారు నడిపేది శిష్యుడు పైడిరాజే. జీతం లేదు, భత్యం లేదు, అంతా సేవే.

ఆ సేవలో అతనికో పట్టింపు ఉంది. అయ్యగారి పాదానికి మట్టి అంటకూడదు. అందుకని తిరిగొచ్చినప్పుడల్లా, ఖాళీగా వచ్చినా అలవాటు కొద్దీ, కారుని అరుగు కిందున్న పొడుగాటి రాతిమెట్టు దాకా తెచ్చి ఆనిస్తాడు. ముందు చక్రం రాతికి డుబ్బుమని తగిలాకే బ్రేకు. తలుపు తీస్తే అయ్యగారి కాలు సరాసరి మెట్టు మీదే పడుతుంది. "సేవంటే పైడిరాజుదేనయ్యా!" అని వచ్చినవాళ్ళు అంటుంటే అతను వినపడనట్టు నటించేవాడు.

అలాంటి మనిషిని మోసం చేస్తారా? ఆ పొద్దున్నే కారు వేసుకుని, అలైన్‌మెంట్ చేసిన అప్పలస్వామి షాపు మీదికి వెళ్ళాడు.

"అసలు మెషీన్ ఎక్కించావా, టైర్ల మీద నీళ్ళు కొట్టి పంపించేశావా?"

అప్పలస్వామి కూడా అయ్యగారి భక్తుడే. కానీ నోరు మంచిది కాదు. "ఎక్కించాను బాబూ. తెర మీద మీకే చూపించాను కదా! రాత్రంతా కారు నా దగ్గరుందా, మీ దగ్గరుందా?"

"అంటే నేనే పాడు చేశానంటావా?"

"నేనలాగన్నానేటి?"

అన్నాడు, అనకుండానే అన్నాడు! పైడిరాజుకి తల తీసేసినంత పనైంది. ఆదివారం సత్సంగానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరూ వస్తారు. సగంమందికి ఆటోలు, కార్లు ఉన్నాయి. ఇక ఎవరూ ఈ షాపు గడప తొక్కొద్దని అందరి ముందూ చెబుతాను, దమ్ముంటే వచ్చి విను, అనేసి వచ్చాడు. పైడిరాజు మాటకి ఆశ్రమంలో తిరుగులేదు. అప్పలస్వామి షాపు పెట్టి ఏడాదైనా కాలేదు. ఆ ఒక్క మాటతో మూతపడుతుంది. అది పైడిరాజుకి తెలుసు, తెలిసే అన్నాడు.

వచ్చి ఇదంతా అయ్యగారికి చెప్పాడు. చెబుతుంటే మళ్ళీ ఆవేశం వచ్చింది. "తమరు తిరిగే కారండీ అది! దాంట్లో కూడా దొంగపనేనా?"

అయ్యగారు అంతా విన్నారు. "ఆదివారం జనం వస్తారు కదురా. మెట్టు మురికిగా ఉంది, కాస్త తోమించాలి" అన్నారు.

నేనేం చెబుతున్నాను, ఈయనేం అంటున్నారు! పైడిరాజు పళ్ళు కొరుక్కుని బయటికొచ్చేశాడు.

ఆదివారం పొద్దున్న కారు కడుగుదామని వచ్చేసరికి అయ్యగారే మెట్టు దగ్గర కూర్చుని ఉన్నారు. చేతిలో కొబ్బరిపీచు, పక్కన బూడిద, చెంబుతో నీళ్ళు.

"అయ్యో అయ్యో, తమరేంటండీ!" పీచు లాక్కున్నంత పని చేశాడు.

"మిగతాదంతా పోయిందిరా. ఈ నల్లమరక మాత్రం వదలడం లేదు."

పైడిరాజు చతికిలబడి తోమడం మొదలుపెట్టాడు. తోముతూనే అప్పలస్వామిని తిట్టాడు. వాణ్ణి తిట్టిన కొద్దీ చెయ్యి గట్టిగా పడుతోంది. ఆ నల్లటి మరక మాత్రం పొరలు పొరలుగా లేస్తోందే తప్ప తరగడం లేదు. ఏం జిడ్డురా బాబూ ఇది అనుకుంటూ అరచెయ్యి వాసన చూశాడు.

రబ్బరు.

అక్కడే రాతి అంచు కొంచెం చితికి ఉంది. పక్కనే నిలబెట్టిన కారు వైపు తల తిప్పాడు. ముందు ఎడమ టైరు పక్క భాగమంతా గీరుకుపోయి, తెల్లటి రాతిపొడి పట్టి ఉంది. చేతిలో పీచు ఆగిపోయింది.

అయ్యగారు చెంబు అందుకున్నారు. మరక మీద ఇంకాసిని నీళ్ళు పోశారు.

సత్సంగానికి అప్పలస్వామి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మొహం గంటు పెట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. సంగతి అందరికీ తెలుసు. పైడిరాజు లేవగానే గుసగుసలు ఆగిపోయాయి. అతను సరాసరి అప్పలస్వామి దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు. రెండు అరచేతులూ నల్లగా ఉన్నాయి.

"ఏటి బాబూ, ఇప్పుడేటి మళ్ళీ?"

"నీ పని సరిగ్గానే ఉంది. రోజూ మెట్టుకి గుద్ది పాడు చేసింది నేనే." అందరికీ వినపడేలా అన్నాడు.

అప్పలస్వామి వెంటనే కరిగిపోలేదు. "ఈ మాట మొన్న షాపులోనే అంటే ఎంత బాగుణ్ణు" అన్నాడు. కళ్ళు తుడుచుకుని వెళ్ళి వెనకాల కూర్చున్నాడు.

మర్నాడు ఊళ్ళు తిరిగొచ్చేసరికి వాన వెలిసి, ఆశ్రమం ముందంతా బురదగా ఉంది. పైడిరాజు కారుని మెట్టుకి బారెడు దూరంలోనే ఆపేశాడు. చుట్టూ తిరిగొచ్చి తలుపు తీసి భుజం అందించాడు.

అయ్యగారు భుజం పట్టుకుని కాలు కింద పెట్టారు. వేళ్ళ సందుల్లోంచి బురద పైకొచ్చింది. ఆయన రెండో కాలు కూడా బురదలోనే పెట్టారు.

"ఇన్నాళ్ళకి నన్ను నేల మీద దింపావురా" అన్నారు.