గుంత అనకూడని బాట

రాజులకు కొదవ లేని పాతకాలంలో, ఒకానొక రాజ్యానికి అంబరపురి అని ఒక రాజధాని ఉండేది. ఆ రాజ్యాన్ని రణభైరవ మహారాజు ఏలేవాడు. పేరు అంత భయంకరంగా ఉన్నా ఆయన యుద్ధం ముఖం చూసింది లేదు. మనిషి చెడ్డవాడూ కాదు. ఉన్న లోపమల్లా ఒకటే. తన నోట ఒక మాట వచ్చిందంటే, సూర్యచంద్రులు కూడా దాన్ని బట్టే నడుచుకోవాలనుకునేవాడు.

నగరం బాగోగులు చూడటానికి తొమ్మిదిమంది పెద్దలతో ఒక పురసభ ఉండేది. పురసభ ఏం చేస్తుందంటారా? బాటలు వేయించడం, వంతెనలు బాగుచేయించడం, మురుగు కాలువలు తీయించడం, ఏ వీధిలో ఏ బండి పోవచ్చో ఏది పోకూడదో చెప్పడం, ఇవీ దాని పనులు. ప్రతి పౌర్ణమికీ పెద్దలు కచేరీ చావడిలో కూడేవారు. మెత్తటి పరుపుల మీద కూర్చుని, తాంబూలం నములుతూ, బాటల గురించి మాట్లాడుకునేవారు. బాట మీదికి మాత్రం ఎవరూ వెళ్లేవారు కారు. వాళ్లందరికీ పెద్ద విరూపాక్షయ్య.

ఆ సభలో తీర్మానాలు రాసే లేఖకుడు తిప్పన. వినడం, రాయడం, ఇంతే అతని పని. మాట్లాడే హక్కు లేదు. మాట్లాడే పని లేనివాడికి వినే తీరిక ఎక్కువ ఉంటుంది కదా, అందుకని ఎవరు ఏమన్నదీ, ఏమనకుండా వదిలేసిందీ, అన్నీ తిప్పనకు తెలుసు.

కిందటేడు విజయదశమికి మహారాజు పల్లకీ ఎక్కి, తూర్పు గుమ్మం నుంచి సంత మైదానం దాకా ఉన్న సంతబాట మీదుగా వెళ్లాడు. దిగగానే ఒళ్లు విరుచుకుని, “ఆహా! ఈ బాట వెన్నముద్దలా ఉందే!” అన్నాడు.

అంతే. విరూపాక్షయ్య ఆ మాట జారనివ్వలేదు. మరునాడే రాతి మీద చెక్కించి బాట మొదట్లో పాతించాడు. రాజుగారి మాట రాతికెక్కాక ఇక బాటను బాగుచేయడమెలా? బాగుచేస్తే చెడిపోయిందని ఒప్పుకున్నట్టే కదా! అందుకని బాటల్లో గుంతలు పూడ్చే ఉప్పరులను అక్కడినుంచి తీసేసి, రాజుగారి ఉద్యానవనంలో కొలను తవ్వడానికి పంపించారు.

వానాకాలం వచ్చింది. వానకు రాతి మీద రాతలు చదవడం రాదు. భాద్రపదం నాటికి సంతబాటలో బండిచక్రం సగం మునిగే గుంతలు పడ్డాయి.

ఒకనాడు కుమ్మరి ఈరమ్మ బండెడు కుండలతో సంతకు వస్తూ వస్తూ ఒక గుంతలో పడింది. బండి బోర్లాపడింది. కుండలన్నీ పెంకులైపోయాయి. వెనక బళ్లు పొద్దుగూకేదాకా కదల్లేదు. పౌర్ణమినాడు ఈరమ్మను పురసభ ముందు నిలబెట్టారు.

“బండి సరిగా తోలక బాటకు అడ్డం పడ్డావు. ఏమంటావు?” అన్నాడు విరూపాక్షయ్య.

“నేను అడ్డం పడలేదు అయ్యగారూ, గుంత నాకు అడ్డం పడింది,” అంది ఈరమ్మ.

“గుంతా? సంతబాటలోనా? మహారాజులవారు వెన్నముద్ద అన్నారే! నీ కళ్లు గొప్పవా, ప్రభువుల మాట గొప్పదా?”

“కళ్లదాకా ఎందుకయ్యగారూ, నా నడుమునడగండి చెబుతుంది.”

సభలో ఒకరిద్దరు నవ్వబోయి, విరూపాక్షయ్య ముఖం చూసి దగ్గుగా మార్చుకున్నారు. తీర్పు వచ్చింది: విజయదశమినాడు, మహారాజుగారి ఎదుట, సంత మైదానంలో ఈరమ్మ నిలబడి, “తప్పు నాదే, బాటలో గుంతలు లేవు” అని మూడుసార్లు చెప్పాలి. చెప్పకపోతే బండీ ఎడ్లూ రాజుగారి పరం.

ఈరమ్మకు ఆ జత ఎడ్లే ఆధారం. చేసిన కుండ సంతకు చేరకపోతే పొయ్యి మీదికి కుండ ఎక్కదు. చావడి మెట్లు దిగుతున్నప్పుడు తిప్పన ఆమెను మెల్లగా అడిగాడు.

“ఒక్క మాట అనేస్తే పోయేదిగా, ఈరమ్మా?”

“గుంతలు లేవని నేనే చెబితే ఇక వాటినెవరు పూడుస్తారు బాబూ? ఇవాళ అబద్ధమాడి ఎడ్లను దక్కించుకుంటాను. రేపు అదే గుంతలో వాటి కాళ్లు విరుగుతాయి. అప్పుడెవరికి చెప్పుకోను?”

తిప్పన ఆ తీర్పు రాసిన చేతిని చూసుకుంటూ ఇంటిదారి పట్టాడు. దారిలో ఒక అనుమానం పట్టుకుంది. బాట ఒక్కటే. అదే బాట ఒకరికి వెన్న, ఒకరికి పెంకులు. కిందటేడు మాత్రం గుంతలు లేవా? ఉన్నాయి, కాకపోతే ఇంకాస్త చిన్నవి. మరి రాజుగారికి ఒక్క కుదుపైనా తెలియలేదేం?

తెలియనిది తెలిసినవాళ్లనే అడగాలి. తిప్పన నేరుగా పల్లకీ మోసే బోయీల దగ్గరికి వెళ్లాడు. వాళ్ల పెద్ద గవరయ్య అరుగు మీద కూర్చుని భుజానికి ఆముదం రాసుకుంటున్నాడు. భుజం మీద కాయ కాచి, చిన్న నిమ్మకాయంత ఉంది.

తిప్పన అడిగింది విని గవరయ్య నవ్వాడు.

“పల్లకీకి ముందు నలుగురం, వెనక నలుగురం. వెనకవాళ్లకు దారి కనపడదు బాబూ, పల్లకీ అడ్డు. కళ్లు ముందున్న మావి, చెవులు వెనకున్న వాళ్లవి. గుంత వస్తే ‘గుంతోహోం’ అంటాను, రాయి వస్తే ‘రాయోహోం’ అంటాను, బురద వస్తే ‘జారోహోం’ అంటాను. వాళ్లు దాన్ని బట్టి భుజం ఎత్తుతారు, దించుతారు. పైన పల్లకీ నీళ్లమీద పడవలా పోతుంది.”

“మరి మహారాజుకు ఆ కేకలు వినపడవా?”

“ఎందుకు వినపడవు! పాటనుకుంటారు. తెరలు దించుకుని పడుకుంటారు కదా. జోలపాటలో మాటలెవరు వింటారు బాబూ? కిందటేడు ఆ పాట బాగుందని నాకు శాలువా కూడా కప్పారు. అది పాట కాదని నేను చెప్పలేదు. ఆయన అడగలేదు.”

తిప్పన గవరయ్య పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. గవరయ్య మొదట తల అడ్డంగా ఊపాడు. “పల్లకీ పడిపోతే మా తలలు లేచిపోతాయి బాబూ.”

“పడెయ్యమనలేదు గవరయ్యా. నెమ్మదిగా నడవండి, గట్టిగా పట్టుకోండి. నోరు మాత్రం మూసుకోండి. ఆ నోరు మూయించే పూచీ నాది.”

పది రోజులకు దసరా ఏర్పాట్ల కోసం పురసభ మళ్లీ కూడింది. తిప్పన లేచి చేతులు కట్టుకున్నాడు. అతను సభలో నిలబడటం అదే మొదటిసారి.

“అయ్యా, చిన్న మనవి. బాటలో లేని గుంతల పేరెత్తి ఈరమ్మలాంటివాళ్లు ప్రభువుల మాటకు మచ్చ తెస్తున్నారు. సంతబాట మీద ‘గుంత’, ‘రాయి’, ‘బురద’ అనే మాటలే ఎవరూ పలకకూడదని శాసనం చేస్తే? ఎంతటివారైనా సరే, రాజసేవలో ఉన్నా సరే. పలికితే వారి వాహనం జప్తు.”

విరూపాక్షయ్య కళ్లు మెరిశాయి. “తిప్పనా, ఇన్నాళ్లూ నీ నోట్లో ఇంత బంగారం దాచుకున్నావటయ్యా! రాయి, ఇప్పుడే రాయి!”

రాజముద్ర పడటానికి కూడా ఆలస్యం కాలేదు. తనను పొగిడే పత్రాన్ని మహారాజు పూర్తిగా చదివిన పాపాన పోలేదు. మరునాడు ఊరంతా టముకు వేయించారు.

విజయదశమి వచ్చింది. మంగళవాద్యాలతో పల్లకీ తూర్పు గుమ్మం దాటింది. పక్కనే విరూపాక్షయ్య, ఆ వెనక తిప్పన నడుస్తున్నారు. బాటకు రెండు వైపులా జనం. గుమ్మానికి దగ్గరలోనే, మైదానానికి బయలుదేరిన ఈరమ్మ తన ఎడ్ల మెడ మీద చేయి వేసి నిలబడి ఉంది.

పల్లకీ పది అడుగులు వేసిందో లేదో, వెనక బోయీ కాలు గుంతలో దిగింది. పల్లకీ వెనక్కి వాలి, మళ్లీ లేచింది. లోపల కిరీటం జారి రాజుగారి ముక్కు మీద కూర్చుంది.

“ఏమయ్యా! పాట పాడరేం?” అని లోపలినుంచి గర్జన.

“ఈ బాట మీద ఆ పాట కూడదట ప్రభూ,” అన్నాడు గవరయ్య.

“కూడదన్నది ఎవడు?”

“తమరే ప్రభూ. పాడితే ఈ పల్లకీ జప్తట.”

“మా పల్లకీని మేమే జప్తు చేసుకుంటామా? ఏం మాటలవి!”

జవాబు వచ్చేలోగా వెనక ఇంకో బోయీ కాలికి రాయి తగిలింది. పల్లకీ ముందుకు తూలింది. తాంబూలపు పళ్లెం ఎగిరి, వక్కలు బాట మీద పడ్డాయి. మహారాజు తెర లాగేసి తల బయటపెట్టాడు.

“విరూపాక్షయ్యా! ఇందాక ఎందుకు కుంగింది?”

విరూపాక్షయ్య నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఇంటిదగ్గర కట్టేసి ఉన్న తన రెండు గుర్రాల బండి గుర్తుకొచ్చింది.

“ప్రభూ... అక్కడ నేల కాస్త... వినయంగా ఉంది.”

“మరి ఇప్పుడెందుకు ఎగిరింది?”

“ఇక్కడ నేల కాస్త... గర్వంగా ఉంది ప్రభూ.”

జనం పైటకొంగులూ తలగుడ్డలూ నోళ్లకు అడ్డం పెట్టుకున్నారు. మహారాజుకు ఒళ్లు మండింది. “దించండి! మేము నడిచే వెళతాం!” అంటూ ఒక్క ఉదుటున కిందికి దిగాడు. దిగినవాడు దిగినట్టే దిగబడిపోయాడు. పిక్కల దాకా బురద. పట్టుపంచె అంచు ఎర్రనీళ్లలో తేలుతోంది.

“విరూపాక్షయ్యా! ఇప్పుడు మేము ఎందులో ఉన్నాం?”

విరూపాక్షయ్య చెమటలు తుడుచుకున్నాడు. ఇటు చూశాడు, అటు చూశాడు.

“ప్రభువులు... ప్రజల హృదయాల్లో ఉన్నారు.”

ఇక జనం ఆగలేకపోయారు. నవ్వు ఆ చివరినుంచి ఈ చివరికి పాకింది. మహారాజు ముఖం కందగడ్డ అయింది. “ఈ దిక్కుమాలిన శాసనం రాసిందెవరు?”

తిప్పన ముందుకొచ్చి నమస్కరించాడు. “రాసింది నేను, ముద్ర తమది ప్రభూ. గుంత అనే మాటను నిషేధించాం. మేం చేసిన పొరపాటల్లా ఒకటే. ఆ సంగతి గుంతలకు ఎవరూ చెప్పలేదు. బాట వెన్నముద్ద అని రాతి మీద చెక్కించాం గానీ, పాపం వాటికి చదువు రాదు.”

నవ్వు టక్కున ఆగిపోయింది. ఇది ఎగతాళి అని అందరికీ తెలుసు. ఈరమ్మ చేయి ఎద్దు మెడ మీద బిగిసింది.

మహారాజు నెమ్మదిగా అడిగాడు. “అయితే కిందటేడు మేము అన్న మాట అబద్ధమంటావా?”

“నిజమే ప్రభూ,” అన్నాడు తిప్పన. “తమరు ప్రయాణం చేసిన బాట వెన్నముద్దే. కాకపోతే అది నేల మీద లేదు, ఈ ఎనిమిదిమంది భుజాల మీద ఉంది. తమరు పాట అనుకున్నది, వెనకవాళ్లకు ముందువాళ్లు చెప్పే దారి. ఇవాళ చెప్పనివ్వలేదు కనుక తమరు మొదటిసారి నేల మీది బాటను చూశారు. ‘గుంతలు లేవు’ అని ఇవాళ తమరి ఎదుట అనకపోతే బండీ ఎడ్లూ పోగొట్టుకునే ఈ ఈరమ్మ ఉందే, ఆమె బండికి భుజాలు లేవు ప్రభూ. దానికి రోజూ ఈ బాటే.”

మహారాజు బోయీల వంక చూశాడు. గవరయ్య భుజం మీది కాయను చూశాడు. ఆ తరువాత తన కాళ్ల వంక చూసుకున్నాడు. చూసి చూసి, “ప్రజల హృదయాల్లో!” అని పైకి అన్నాడు. అని, పగలబడి నవ్వాడు. నవ్వుతూ కాలు పైకి లాగబోతే చెప్పు లోపలే ఉండిపోయింది. ఇంకా నవ్వాడు.

“విన్నావా ఈరమ్మా! నువ్వు అనాల్సిన మాట ఏదీ లేదు. నీ బండీ ఎడ్లూ నీవే. ఆ శాసనం ఇవాళ్టితో సరి. తిప్పనా, నిన్ను పురసభకు పెద్దను చేస్తున్నాం!”

తిప్పన తల వంచాడు. “మన్నించాలి ప్రభూ. ఆ పరుపుల మీద కూర్చుంటే నాలుగు రోజులకు నాకూ అన్ని బాటలూ మెత్తగానే కనిపిస్తాయి. పెద్దలు పెద్దలుగానే ఉండనివ్వండి. ఒక్క వరం చాలు. ఇకమీదట సభ చావడిలో కాక బండిలో జరగాలి. బండి సంతబాట మీద నడుస్తూ ఉండాలి.”

మహారాజు రెండోసారి నవ్వాడు. మెడలోని ముత్యాలదండ తీసి తిప్పన మెడలో వేశాడు. బోయీలకు తలా ఒక జత కొత్తబట్టలు, గవరయ్యకు ఒక బంగారు కడియం ఇప్పించి, చెప్పు లేని కాలితోనే మైదానందాకా నడిచి వెళ్లాడు.

అయిదు రోజులకు పౌర్ణమి వచ్చింది. పురపెద్దలు తొమ్మిదిమందీ ఈరమ్మ బండి ఎక్కారు. పరుపులు లేవు, గడ్డయినా లేదు. తిప్పన ఒక మూల గంటం పట్టుకుని కూర్చున్నాడు. ఈరమ్మ ఎడ్లను అదిలించింది.

విరూపాక్షయ్య గొంతు సవరించుకున్నాడు. “ముందుగా ప్రార్థన. ఆ తరువాత కిందటి సభ విశేషాలు. ఆ తరువాత బాటల విషయం, వీలుంటే వచ్చే పౌర్ణమికి...”

బండి మొదటి గుంతలో దిగి లేచింది. తొమ్మిది తలలూ ఒకదానికొకటి తగిలాయి.

“కొలను దగ్గరి ఉప్పరులను రేపే పిలిపించాలి!” అని విరూపాక్షయ్య అరిచాడు.

“ఏకగ్రీవం!” అని ఎనిమిది గొంతులు అరిచాయి. అంత పెద్ద తీర్మానం అంత తొందరగా ఆ సభలో అంతకుముందెన్నడూ జరగలేదు. అక్షరాలు వంకరపోయినా తిప్పన రాసేశాడు.

రెండో గుంత దగ్గరపడుతోంది. విరూపాక్షయ్య బండి అంచును రెండు చేతులా పట్టుకుని, “కాస్త మెల్లగా తోలవమ్మా ఈరమ్మా!” అని బతిమాలాడు.

ఈరమ్మ వెనక్కి తిరగకుండానే అంది. “కుండలుంటే మెల్లగానే తోలేదాన్ని అయ్యగారూ.”