మగ్గాలమీది గది

చిదంబరయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందుగా కళ్ళు మూసుకుని కింది మగ్గాల చప్పుడు వినేవారు. పెన్నేటికి ఇవతల సాలెవీధిలో, నేతశాల మీద కట్టిన చెక్కమేడలో ఒకే ఒక్క గది ఆయనది. కింద మగ్గాల్లో నూలు మోసే నాడెలు అటూ ఇటూ పరుగెత్తుతుంటే పైన నేల సన్నగా వణికేది. మధ్యాహ్నం పూట ఆ గదిలో కూర్చున్నవాళ్ళకు నిద్రా కాని, మెలకువా కాని ఒక స్థితి వచ్చేది. ఏటి ఒడ్డున కట్టేసిన పుట్టిలో కూర్చున్నట్టుండేదని కొందరు చెప్పేవారు. గురువుగారి బోధ కంటే ఆ వణుకే తమకు బాగా పనిచేసిందని చెప్పే శిష్యులూ లేకపోలేదు. ఆ మాట చెవిన పడితే ఆయన కోపగించుకోకపోగా, నిజమేనేమో అన్నట్టు నవ్వేవారు.

ఒక శ్రావణమాసంలో, ముసురు పట్టిన రోజున, సంజీవరాయుడు వచ్చి ఆయన ముందు కూర్చున్నాడు. రాయుడు టైల్స్ పరిచే మేస్త్రీ. ఆయన దగ్గర ఉపదేశం పొంది చాలాకాలమైనవాడు. అమ్మానాన్నలు పోయాక తమ్ముడు గంగన్నను భుజాన మోసి పెంచాడు, పని నేర్పాడు, పెళ్ళి చేశాడు. ఇప్పుడా గంగన్న, ఇంటి వెనక పంచలో వేరే పొయ్యి పెట్టుకుంటానన్నాడు. ఇల్లు వదలడట, పని వదలడట. తన భార్య ఓబులమ్మ తన పిల్లలకు తన చేత్తో వండుకుంటుందట, అంతే. రాయుడికి గుండెలో మేకు దిగినట్టయింది. పొయ్యి వేరైతే మనుషులూ వేరేననీ, ఈ నెల దాటేలోగా ఆ మాట మానుకోకపోతే పెళ్ళాం పిల్లలతో గడప దాటమనీ చెప్పేశాడు. చెప్పినప్పటినుంచీ తనకే ముద్ద దిగడం లేదు.

"ప్రేమ ఉన్నచోట మధ్యలో సందెందుకు సామీ?" అని అడిగాడు.

చిదంబరయ్య గారు కళ్ళు మూసుకున్నారు. నాడెలు చాలాసేపు నడిచాయి. ఆయన నిద్రపోయారేమోనని రాయుడు లేవబోతుండగా, ఈ గది నేల చెక్కపలకలు పాతబడి వచ్చినవాళ్ళ కాళ్ళలో పేళ్ళు దిగుతున్నాయనీ, టైల్స్ పరిచిపెట్టమనీ, తమ్ముణ్ణి కూడా వెంట తెచ్చుకోమనీ చెప్పి మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

ఆ రోజుల్లో తామరపూల టైల్స్ వచ్చేవి. ఎరుపూ పసుపూ కలిసిన రేకులు, మధ్యలో ఆకుపచ్చ దుద్దు. అవి పరిచిన ఇళ్ళలో పిల్లలు టైల్స్ మధ్య నల్లగీత తొక్కకుండా పూలమీదనే అంగలు వేస్తూ నడిచేవారు. పెద్దవాళ్ళు కూడా, ఎవరూ చూడకపోతే, అలాగే నడిచేవారు. పైన పువ్వును అందరూ చూస్తారు. కింద ఏం పరిచారన్నది పరిచినవాడికి తప్ప ఎవరికీ తెలియదు, నేల నిలిచేది మాత్రం దానిమీదే. గట్టి నేలకు ఒక పొర, వదులు నేలకు ఒకటి, చెక్కకు మరొకటి. రాయుడు తన జీవితంలో చెక్కమీద టైల్స్ పరచలేదు. నేల ఏదైనా కిందికీ పైకీ పట్టు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని అతని నమ్మకం.

గంగన్న పలకలమీద చెయ్యి పెట్టి చూసి, ఇది కదిలే నేల అన్నాడు. ముందు తారుకాగితం పరిచి, దానిమీద ఇనుప తీగల వల వేసి, అందులో మందంగా సిమెంటు పోసి, ఆ పొరమీద టైల్స్ పెడదామనీ, గోడల దగ్గర కూడా కాస్త సందు వదులుదామనీ అన్నాడు. కాగితం ఉంటే సిమెంటు చెక్కను పట్టుకోదు గదా అని రాయుడు అడిగాడు. పట్టుకోకూడదనే కాగితమని గంగన్న జవాబు.

రాయుడి ముఖం ఎర్రబడింది. "ఇంట్లో చాలక, నేలకు గూడా వేరు కాపురం పెట్టిస్తావేందిరా?"

గంగన్న మేకుల సంచి అందించాడు. రాయుడు పలకలనిండా మేకులు దిగ్గొట్టి, సిమెంటు వాటిని కరుచుకునేట్టు చిక్కగా కలిపి, గోడనుంచి గోడదాకా తామరపూలు పరిచాడు. చూసినవాళ్ళు చెప్పులు గుమ్మం కిందే వదిలి వచ్చారు.

వారం తిరక్కుండానే పూలు పగిలాయి. కింది పలకల అతుకు ఎక్కడెక్కడుందో సరిగ్గా అక్కడక్కడే, గీత గీసినట్టు. రాయుడు ముందు టైల్స్ చేసినవాణ్ణి తిట్టాడు, తర్వాత సిమెంటును తిట్టాడు. చివరికి తిట్టడానికి ఎవరూ మిగలక, పగిలిన నేలమీద పక్కకు ఒరిగి చెవి ఆనించాడు. బయట ముసురు. కింద మగ్గాలు. చెక్క లోలోపల ఏదో గొణుగుతున్నట్టుంది. వాన తేమకు ఉబ్బి, మగ్గం దెబ్బకు ఊగి, తన మానాన తాను కదులుతోంది. పైనున్న పువ్వుకు ఆ కదలిక తెలియదు, తనను వదలమనడమూ చేతకాదు. ఎంతసేపు అలా పడుకున్నాడో అతనికి గుర్తులేదు. నిద్రపట్టిందో లేదో కూడా చెప్పలేడు. లేచేసరికి చెంపమీద పగులు గీత అచ్చు పడింది. గంగన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఆ కాగితం తేపో" అన్నాడు రాయుడు, ముఖం తిప్పుకుని.

అన్నదమ్ములిద్దరూ మొత్తం పెకలించి, మేకులు పీకి, గంగన్న చెప్పినట్టే మళ్ళీ పరిచారు. ఆ పనిలో పొయ్యి ఊసు ఇద్దరూ ఎత్తలేదు. శ్రావణం దాటిపోయిన సంగతి కూడా ఎవరూ పైకి అనలేదు.

కార్తీకం వచ్చేదాకా వానలు కురిశాయి, మగ్గాలు ఆడాయి. నేలమీద వెంట్రుకంత చీలిక లేదు. ఒక మధ్యాహ్నం రాయుడు గది నాలుగు మూలలా తట్టి చూసుకుని గురువుగారి ముందు కూర్చున్నాడు. వెనక పంచలో గాలి ఎదురు కొడుతుంది కాబట్టి ఓబులమ్మ పొయ్యికి ఆగ్నేయపు మూల మంచిదని, మట్టి కూడా తానే తెచ్చి పోశానని, తలవంచుకుని చెప్పాడు. చెప్పి కూడా కుదురుగా కూర్చోలేకపోయాడు.

"అయినా సామీ, ఒకదానికొకటి అంటుకోనిదాన్ని ఒక ఇల్లనుకునేది ఎట్ల?"

చిదంబరయ్య గారు ఈసారి కళ్ళు మూసుకోలేదు. తామరపువ్వుమీద అరచెయ్యి ఆనించి, కింది వణుకు చేతికి అందేదాకా ఆగారు.

"చెక్క దీన్ని అంటుకోలేదు. మరి మోస్తున్నది ఎవరు నాయనా?" అన్నారు.