నక్క నడుముకి కట్టిన తాడు

కొండవాలున ఉన్న ఇప్పచెట్టు కింద అడవంతా పోగైంది. పోగుచేసింది నక్కమామ. ఎలుగమ్మకి వెనక కాలొకటి వేటగాడి ఉచ్చులో పోయింది. అప్పట్నుంచి నేలమీదే బతుకు. ఆవిడకి మిగిలిన కోరికల్లా ఒక్కటే, చిటారుకొమ్మన కూర్చుని మళ్ళీ కొండగాలి పీల్చాలని. ఆ మాట నక్క చెవిన పడింది. గోరంత సాయానికి కొండంత డప్పు కొట్టుకునే రకం, ఊరుకుంటుందా? చిటారుకొమ్మకి తానే ఎక్కిస్తానని చాటింపేసింది.

కొండముచ్చు చిటారుకొమ్మ మీదుగా తీగతాడు వేసి ఒక కొస ఎలుగమ్మ నడుముకి కట్టింది. "రెండో కొస చెట్టు మొదలుకి చుడదాం మామా."

"చెట్టుకి కడితే ఎక్కించింది చెట్టంటారు. నా నడుముకి కట్టు, నలుగురికీ కనబడాలి."

కొండముచ్చు తల కొట్టుకుని కట్టింది.

ఎలుగమ్మ ఉన్న మూడు కాళ్ళతోనే మానుని కరుచుకుని ఎక్కింది. కింద నక్క వదులైన తాడుని నడుముకి చుట్టుకుంటూ, ఊరికే మూలుగుతూ జనం వంక చూస్తోంది. మొదటి కొమ్మ చేరగానే కుందేళ్ళు చప్పట్లు కొట్టాయి.

"ఇక చాలు, దిగు" అంది నక్క.

"చిటారుకొమ్మ అన్నావు కదా మామా?"

"ఇంకా పైకెళ్తే ఆకుల్లో కనబడవు. చూసేవాళ్ళకేం లాభం? కుంటిదానివి, ఇంతవరకు ఎక్కించాను, సంతోషించు."

ఎలుగమ్మకి ఒళ్ళు మండింది. ఉచ్చులో పోయింది కాలేగాని బుర్ర కాదు.

"అలాగే మామా, నీ మాటెందుకు కాదనాలి" అంటూ మానుని పట్టుకుని కిందికి జారింది. ఆవిడ దిగినకొద్దీ నక్క పైకి లేచింది. ఎలుగమ్మ నేలమీద కాలుమోపి మిగిలిన తాడు కూడా లాగి నడుముకి చుట్టుకుంది. నాగలోకం సంగతేమోగాని, నక్కకి చిటారుకొమ్మ మాత్రం దక్కింది. కాళ్ళు గాల్లో, కళ్ళు తేలేసి.

"చచ్చాను, దించండర్రా!"

"దింపుతా మామా. నేను ఎక్కితేనే నువ్వు దిగేది. కుంటిదాన్ని కదా, నిదానంగా ఎక్కుతా" అంది ఎలుగమ్మ.

నక్క బరువు ఆసరాగా కొమ్మకొమ్మకీ ఆగుతూ, ఇప్పపూలు నములుతూ ఎక్కింది. పైనుంచి నక్క ఒకటే బతిమాలడం. "ఆగకు తల్లీ, ఇంకా పైకి, చిటారుకొమ్మ దాకా ఎక్కాలి, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఉన్నవి మూడే మామా" అంది ఎలుగమ్మ.

నక్క నేలకి చేరేసరికి చప్పట్లు కొట్టేందుకు ఎవరూ అటు చూడటం లేదు. ఎలుగమ్మ పైన కూర్చుని కళ్ళు మూసుకుని కొండగాలి పీలుస్తోంది.

ఎంత ఎత్తు కావాలో ఎక్కేవాళ్ళని అడక్కుండా చేసేది సాయం కాదు, సొంత ఊరేగింపు.