కెజీయా జడ

జెఫన్యా కూతురు కెజీయాకి పుట్టుకతోనే వినపడదు. ఐదేళ్ళొచ్చినా నోట ఒక్క మాట రాలేదు. పట్నంలో వినపడని పిల్లల బడి ఉంది, చేర్పిద్దామని భార్య సలోమి కాళ్ళావేళ్ళా పడింది. జెఫన్యా ససేమిరా అన్నాడు.

అతను పేటలో సువార్తికుడు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి గేదె మేత ముట్టకపోయినా అతన్నే పిలిచేవారు. వెళ్ళి, నుదుట ఒలీవ నూనె రాసి ప్రార్థన చేసేవాడు. కొందరికి నయమయ్యేది. నయం కానివాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు కదా. అంత పేరున్నవాడు సొంత బిడ్డని ఆ బడిలో వేస్తే, దేవుడి వల్ల కాదని తనే ఒప్పుకున్నట్టు కాదూ? అది ఒట్టి మొండితనం. అతను మాత్రం దాన్ని విశ్వాసం అనుకున్నాడు.

రోజూ పొద్దున్నే పిల్ల చెవుల్లో నూనె వేసి, రెండు అరచేతులతో అదిమి పట్టి, ఇల్లదిరిపోయేలా ప్రార్థించేవాడు.

చివరికి ఉపవాస కూడికల్లో, ఈ రోజు నా బిడ్డ వింటుందని మైకులో చెప్పేశాడు. సంఘమంతా లేచి నిలబడింది. "కెజీయా!" అని గొంతు చించుకుని అరిచాడు. పిల్ల గౌను అంచు నములుతూ ఎటో చూస్తోంది. మళ్ళీ అరిచాడు. సలోమి ఏడుస్తూ వచ్చి పిల్లని ఎత్తుకుపోయింది.

ఆ తర్వాత జెఫన్యా పేటలో తలెత్తుకు తిరగలేకపోయాడు. ఒక మధ్యాహ్నం పిల్లని వెంటబెట్టుకుని, తనకు సేవ నేర్పిన సత్యానందం అయ్యగారి ఇంటికి వెళ్ళాడు.

"వందనాలండీ అయ్యగారూ. దేవుడు నా మొర వినట్లేదండి. నాకిక ప్రార్థన రాదు. సేవ మానేస్తాను."

"నూనె తెచ్చావా?" అన్నాడు అయ్యగారు.

జెఫన్యాకి ప్రాణం లేచొచ్చింది. పెద్దాయన చేతులుంచితే అవుతుందేమో! గబగబా జేబులోంచి సీసా తీశాడు.

సీసా కనపడగానే పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుని, గోడ మూలకి పోయి నక్కింది.

ఇంట్లో ఇది రోజూ ఉన్నదే. ఇప్పుడు అయ్యగారి కళ్ళ ముందు జరిగేసరికి జెఫన్యా దాన్ని సరిగ్గా చూశాడు. తన బిడ్డ తనకే భయపడుతోందని తెలిసి, సిగ్గుతో చచ్చిపోయాడు.

అయ్యగారు సీసా తీసుకుని పిల్లకి ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు. కాస్త నూనె వంచుకుని తన బట్టతలకి పట్టించుకున్నాడు. పిల్ల చేతులు దించి చూసింది. కిసుక్కున నవ్వింది. మెల్లగా దగ్గరికొచ్చి ఆ తల మీద ఒకటి చరిచింది కూడా. అప్పుడు మిగతా నూనె పిల్ల జుట్టుకి రాసి, దువ్వెన తీసి జెఫన్యా చేతిలో పెట్టాడు.

"అభిషేక తైలమండీ అది!"

"చిక్కులున్నాయి. దువ్వు."

జెఫన్యా పిల్లని ముందు కూర్చోబెట్టుకున్నాడు. పిల్ల బిగుసుకుపోయింది. అలవాటు కొద్దీ అతని నోరు తెరుచుకుంది. "ప్రభువా, ఈ చెవులు..."

"నోరు మూసుకుని దువ్వరా."

దువ్వాడు. చాలాసేపటికి పిల్ల వీపు వదులైంది. తండ్రి మోకాలికి ఆనుకుంది. "కెజీయా" అని మెల్లగా పిలిచాడు. పిల్ల తిరగలేదు. దువ్వెన పక్కన పెట్టి భోరుమన్నాడు.

"వినపడదండీ. నా బిడ్డకి ఇక వినపడదు."

ఐదేళ్ళుగా ఆ మాట అతను నోట రానివ్వలేదు. అయ్యగారు ఓదార్చలేదు. కాసేపు ఏడవనిచ్చి, "మూడు పాయలు తియ్యి" అన్నాడు.

జెఫన్యా ముక్కు తుడుచుకుని, చేతకాకపోయినా అల్లాడు. జడ చివరికంటా రాకముందే వదులైపోయింది.

"బిగించి వెయ్యరా. బడికెళ్ళే పిల్ల. సాయంత్రం దాకా ఊడకూడదు."