స్కాన్ కాగితంలో ఎరుపు

కంటి శిబిరం వాళ్ళు వెళ్ళిపోయి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ జిలానీకి అన్నం సహించలేదు.

అతను పదేళ్ళుగా దావూద్ షా బాబా దగ్గర శిష్యుడు. రోజూ గురువుకు పాత గ్రంథాలు చదివి వినిపించడం అతని సేవ. శిబిరంలో దర్గాలో ఉండేవాళ్ళందరికీ కంటి వెనక భాగం స్కాన్ తీశారు. జిలానీ ఎడమకంటి నరం పొర పలచగా ఉందని కాగితంలో ఎర్రరంగు పడింది.

డాక్టరమ్మ నిదానంగానే చెప్పింది. "నీ కంటి ఒత్తిడి బాగుంది, చూపూ బాగుంది. ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా ఈ కొలతలు మనిషికో తీరుగా ఉంటాయి. ఆరు నెలల తర్వాత మళ్ళీ తీసి, మారిందేమో చూద్దాం."

జిలానీ మనసులో మిగిలింది ఆ ఎరుపొక్కటే.

నాలుగోనాడు పొద్దున అతను కళ్ళకు తువ్వాలు కట్టుకుని, గోడ తడుముకుంటూ బావివైపు నడుస్తున్నాడు. గట్టు తగిలి ముందుకు తూలాడు. బాబా ఒక్క ఉదుటున వచ్చి రెక్క పట్టుకుని ఆపాడు.

"ఏమిటిది?"

"అలవాటు చేసుకుంటున్నాను హజ్రత్." "చూపు పోయాక చదివి వినిపించలేను. నీళ్ళన్నా తోడాలి కదా. ఏ పనీ చేతకాకపోతే నన్నెందుకు ఉంచుకుంటారు?"

బాబా అందరి కాగితాలూ తెప్పించాడు. పేర్లు కనబడకుండా పై అంచులు మడిచి చాప మీద పరిచాడు.

"వీళ్ళలో చూపు పోయేదెవరికో చూపించు."

జిలానీ ఒక్కొక్కటే చూశాడు. ఏ రెండూ కలవలేదు. ఒకరి పొర మందం, ఒకరిది పలచన. ఒకరి కంట్లో నరం కలిసేచోటి మూతి వెడల్పు, ఇంకొకరిది ఇరుకు. చివరికి రెండు కళ్ళకూ ఎరుపున్న కాగితం మీద వేలు పెట్టాడు.

"పాపం, వీళ్ళకి."

బాబా మడత విప్పాడు. హుసేనమ్మ పేరు. ఆవిడ వసారాలో కూర్చుని చాదరుకు జరీ కుడుతోంది.

"అమ్మా, నీకీ ఎరుపు ఎప్పటినుంచి?"

"ఆరేళ్ళయింది బాబా. టౌను ఆసుపత్రిలో ఏటా తీస్తారు, ఏటా అంతే. నా కళ్ళ తీరే అంతట." మాట్లాడుతూనే ఆవిడ సూదిలోకి దారం ఎక్కించింది.

జిలానీ తన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "అయితే నాకూ ఏం కాదా, హజ్రత్?"

"నాకు తెలియదు బిడ్డా. ఆరు నెలలకు ఇద్దరం వెళ్దాం."

బాబా తన కండువా కొసతో జిలానీ కన్నీళ్ళు తుడిచాడు.

"నువ్వు వచ్చిననాడు, నీ కళ్ళెలా ఉన్నాయని అడిగానా?"